జీతం పెరిగేది మూడింతలా, ఇరవై శాతమా?

ప్రశ్న: మావారికి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఇస్తామన్న జీతాన్ని ఇవాళ్టి మారకపు రేటుతో గుణిస్తే ఇప్పటి జీతానికి మూడింతలు అవుతోంది. ఇంకా ఆలోచనేంటి, సామాన్లు సర్దుకోండి అంటున్నాడు మా అన్నయ్య. మావారేమో నెట్‌లో ఏదో పీపీపీ క్యాలిక్యులేటర్‌లో వేసి చూసి, నిజంగా పెరిగేది ఇరవై శాతమే, ఆ మాత్రం దానికి ఇల్లూ వాకిలీ వదులుకుని పోవాలా అంటున్నారు. అన్నయ్య ఊరుకోడు కదా, ఆ పీపీపీ ప్రకారమే ఆ దేశపు తలసరి ఆదాయం మన దేశానికి నాలుగు రెట్లు ఉంది, అంటే అక్కడ అందరూ నాలుగు రెట్లు బాగా బతుకుతున్నట్టేగా అంటాడు. రోజూ ఫోన్‌లో ఇదే గొడవ, మధ్యలో నాకు టెన్షన్. ఎవరి మాట వినాలి? ఇద్దరు పిల్లలు, చిన్నదానికి మూడేళ్లు. నేను కూడా ఉద్యోగం చేస్తున్నాను.

సమాధానం: గుణకారం ఇద్దరూ సరిగ్గానే చేశారు. చిక్కల్లా మొత్తం జీతాన్ని ఒకే రేటుతో గుణించడంలో వచ్చింది. ఆ డబ్బులో కొంత అక్కడే ఖర్చవుతుంది, కొంత మిగిలి ఇక్కడికి వస్తుంది. అక్కడ ఖర్చయ్యేదాన్ని పీపీపీతో చూడాలి, ఇక్కడికి వచ్చేదాన్ని మారకపు రేటుతో చూడాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. కానీ ఇలా విడగొట్టి చూస్తే మీ ఉత్తరంలో చిట్టచివర, పోనీలే అన్నట్టు ఒక్క ముక్కలో రాసిన సంగతే మొత్తం లెక్కని తిప్పేస్తోంది, అది తర్వాత చెప్తాను.

ముందు ఈ పీపీపీ సంగతి. పూర్తి పేరు కొనుగోలు శక్తి సమానత, ఆ పేరు పెట్టింది గుస్తావ్ కాసెల్ అనే స్వీడన్ ఆర్థికవేత్త, 1918లో. ఒకే రకం సరుకులూ సేవలూ రెండు దేశాల్లో కొంటే ఎంతెంత అవుతుందో చూస్తారు. అక్కడి కరెన్సీలో 100 అయ్యేది ఇక్కడి కరెన్సీలో 800 అయితే పీపీపీ రేటు 8. అదే సమయంలో బ్యాంకుకెళ్తే అక్కడి ఒక యూనిట్‌కి ఇక్కడివి 20 ఇస్తుండొచ్చు. వెళ్లొచ్చినవాళ్లు 'బాబోయ్, అక్కడ అన్నీ మండిపోతున్నాయి' అంటారు చూశారా, ఆ మాటని అంకెల్లో పెడితే 8కీ 20కీ మధ్య ఉన్న ఈ తేడానే.

ఆ తేడా ఎందుకొస్తుందో తెలిస్తే మీ ఇంటి లెక్క మీరే వేసుకోగలరు, అందుకే కాస్త వివరంగా చెప్తున్నా. ఫోను, లాప్‌టాప్, ముడి చమురు లాంటివి ఓడెక్కి దేశాలు దాటిపోతాయి కాబట్టి, పన్నులూ రవాణా ఖర్చులూ పక్కన పెడితే, వాటి ధరలు ఎక్కడైనా దగ్గర దగ్గరగానే ఉంటాయి. జుట్టు కత్తిరించడం, ఇల్లు శుభ్రం చేయడం, పసిపిల్లల్ని చూసుకోవడం, ఇంటి అద్దె, ఇవేవీ ఓడెక్కవు. ధనిక దేశంలో బార్బర్ గంటకి ఎన్ని తలలు చూస్తాడో పేద దేశంలోనూ ఇంచుమించు అన్నే చూస్తాడు, అతని పనితనంలో తేడా ఏమీ లేదు. కానీ ధనిక దేశంలో పక్కనే ఫ్యాక్టరీవాడు మంచి యంత్రాల పుణ్యమా అని గంటకి బోలెడు సరుకు తయారుచేసి పెద్ద జీతం తీసుకుంటుంటే, బార్బర్‌కి కూడా ఆ దరిదాపుల్లో గిట్టుబాటు కాకపోతే కత్తెర పక్కన పడేసి అటు పోతాడు. అందుకని అక్కడ క్షవరం ఖరీదు, ఇక్కడ చవక. 1964లో బెలా బలాస్సా, పాల్ శామ్యూల్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఎవరికి వారుగా ఈ వివరణే ఇచ్చారు. మారకపు రేటు మీద మాత్రం క్షవరం ధరల ప్రభావం పెద్దగా ఉండదు. అది నడిచేది సరిహద్దు దాటే సరుకుల మీద, పెట్టుబడుల మీద, వడ్డీ రేట్ల మీద.

అంటే పీపీపీ రేటు 8 అన్నది ఒక సగటు. దాని లోపల ఫోనుకి 18 ఉండొచ్చు, ఆయాకి 4 ఉండొచ్చు. ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ అంకెలు. మీరు పంపినవాటిని, కరెన్సీ పేర్లు తీసేసి, అదే నిష్పత్తిలో గుండ్రంగా మార్చి వాడుతున్నాను. మీవారి జీతం ఇప్పుడు 40,000, పన్ను పోగా చేతికి 36,000. అక్కడ ఇస్తామన్నది 6,000, పన్ను పోగా 4,800. మారకపు రేటు 20, పీపీపీ 8. మీ అన్నయ్య 6,000ని 20తో గుణించి 1,20,000 అన్నాడు, మూడింతలు. మీవారు 8తో గుణించి 48,000 అన్నారు, ఇరవై శాతం.

కాసేపు మీ జీతం లేదనుకుందాం. ఇప్పుడు చేతికొచ్చే 36,000లో 26,000 ఖర్చు, 10,000 మిగులు అనుకోండి. ఇదే జీవితం అక్కడ గడపాలంటే 26,000ని 8తో భాగించాలి, 3,250 అవుతుంది. 4,800లో అది పోగా మిగిలేది 1,550. ఈ మిగిలినదాన్ని ఇక్కడికి పంపిస్తే 20తో గుణించాలి కాబట్టి 31,000. చూశారా, బతికే తీరులో ఏ మార్పూ లేకుండా మిగులు మాత్రం 10,000 నుంచి 31,000కి పెరిగింది. 'ఇరవై శాతమే' అన్న క్యాలిక్యులేటర్ దీన్ని దాచేసింది. మూడింతలన్న మీ అన్నయ్య మాట మిగులు విషయంలో నిజమైంది, బతుకు విషయంలో కాదు. ఇక్కడ హోమ్ లోన్ ఉన్నా, పెద్దవాళ్లకి నెలనెలా డబ్బు పంపాలన్నా వాటిక్కూడా మారకపు రేటే వర్తిస్తుంది, కాబట్టి అవీ తేలికైపోతాయి. అక్కడ సంపాదించి చివరికి ఇక్కడ ఖర్చుపెట్టేవాళ్లకి అంత లాభం ఎందుకుంటుందో కూడా ఇందులోనే ఉంది. ఆ మిగులుతో అక్కడే ఇల్లు కొనుక్కుని అక్కడే ఉండిపోదాం అనుకుంటే మాత్రం 20ని మర్చిపోండి, 1,550ని కూడా 8తోనే గుణించాలి.

ఇప్పుడు మీరు ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతికి వద్దాం. మీ ఉద్యోగం! దాన్నుంచి నెలకి చేతికి 18,000 వస్తోందని మీ అంకెల్లోనే ఉంది, కానీ మీ అన్నయ్య లెక్కలోనూ లేదు, మీవారి లెక్కలోనూ లేదు. దాన్ని కలిపి చూడండి. ఇద్దరివీ కలిపి 54,000, ఇంటి ఖర్చు 34,000 (ఇందాకటి 26,000 ఒక్క జీతంతో నడిచే ఇంటికి ఊహించి వేసింది), మిగులు 20,000. అదే జీవితం అక్కడ 34,000ని 8తో భాగిస్తే 4,250. మీకు అక్కడ పని చేసే హక్కు లేకపోతే ఉన్నది 4,800 మాత్రమే, మిగిలేది 550, ఇక్కడికి పంపితే 11,000. మూడింతల జీతానికి వెళ్లి మిగులు దాదాపు సగానికి పడిపోతుంది. అదే మీకు అక్కడ పన్ను పోగా 2,500 వచ్చే ఉద్యోగం దొరికి, చిన్నదాన్ని చూసుకునే కేంద్రానికి 1,200 పోయిందనుకుందాం. మీ వైపు నుంచి 1,300 కలిసి మిగులు 1,850 అవుతుంది, అంటే 37,000. పీపీపీ మారలేదు, మారకపు రేటు మారలేదు, మీకు పని ఉందా లేదా అన్న ఒక్కదాని మీద 11,000 నుంచి 37,000 దాకా ఊగుతోంది. ఇంట్లో ఇద్దరు మగవాళ్లు రేట్ల మీద వాదించుకుంటుంటే అసలు లెక్కలోకే రాని జీతం ఇది. (ఇలాంటి ఉత్తరాలు చాలానే వస్తాయి, పది మంది రాస్తే తొమ్మిది మంది భార్య జీతాన్ని చివరి వాక్యంలోనే రాస్తారు. ఎందుకో మీరే చెప్పాలి.)

పిల్లల కేంద్రానికి 1,200 అని నేను వేసింది ఊహే, నిజం అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ఇందాక ఆయాకి 4 ఉండొచ్చు అన్నాను కదా. ఇక్కడ మీరు పనిమనుషుల మీద, పిల్లల్ని చూసే మనిషి మీద, డ్రైవర్ మీద ఎక్కువగా ఆధారపడే ఇల్లయితే సగటు 8 మీకు పనికిరాదు, మీ రేటు 6కో 5కో దిగుతుంది. ఆ సేవలన్నీ అక్కడ మీరే చేసుకుంటారు, డబ్బు ఆదా అవుతుంది కానీ సాయంత్రాలు పోతాయి, ఆ సాయంత్రాలకి ఏ క్యాలిక్యులేటర్‌లోనూ గడి లేదు. దీనికి ఎదురుగా ఒకటి ఉంది. పిల్లల బడి ఇక్కడ ఫీజు కట్టి చదివించేది అక్కడ ఉచితమైతే, వైద్యం పన్నుల్లోనే వచ్చేస్తే, 34,000లో ఆ ముక్క మొత్తం ఎగిరిపోతుంది, దాన్ని 8తో భాగించాల్సిన పనే లేదు. కాబట్టి నెల ఖర్చు మొత్తాన్ని ఒకేసారి భాగించకండి. ఒక కాగితం మీద ఇప్పటి ఖర్చుల పట్టీ రాసి, ఒక్కో దాని పక్కన అక్కడి అసలు ధర రాయండి. అద్దె మాత్రం మీవారి ఆఫీసు ఉన్న ఊళ్లోదే చూడాలి. పీపీపీ దేశం మొత్తానికి సగటు, ఉద్యోగాలేమో ఆ సగటుకి ఎప్పుడూ లొంగని పెద్ద నగరాల్లో ఉంటాయి.

ఇంకో చిన్న మెలిక. నెట్‌లో దొరికే క్యాలిక్యులేటర్లు చాలావరకు జీడీపీ, అంటే దేశంలో ఏడాదిలో తయారైన సరుకులూ సేవల మొత్తం విలువ, దానంతటికీ కలిపి వేసిన పీపీపీని వాడతాయి. అందులో వంతెనలు, యంత్రాలు, ప్రభుత్వ సిబ్బంది జీతాలు కూడా ఉంటాయి, మీరేమీ వంతెనలు కొనరు కదా. కుటుంబాల వినియోగానికి వేరే పీపీపీ రేటుని ప్రపంచ బ్యాంకే ఇస్తుంది, కావాలంటే అది వాడాలి.

అసలీ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చెప్పాలి, ఎందుకంటే మీవారు ఆ 8ని శిలాశాసనంలా పట్టుకున్నారు. 1968లో ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి దేశాల మధ్య ధరల పోలిక పని మొదలుపెట్టాయి, 1970లో మొదటి విడతలో 10 దేశాలే ఉన్నాయి. ఇప్పుడు దాన్ని ప్రపంచ బ్యాంకు నడిపిస్తోంది. 2021 సంవత్సరానికి సేకరించిన ధరల ఫలితాలు 2024లో వచ్చాయి, వాటిలో 176 ఆర్థిక వ్యవస్థలు ఉన్నాయి. పని వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఒక చొక్కా ధర అన్ని దేశాల్లో కనుక్కోవాలి, అంతే. కానీ ఏ చొక్కా? కాటన్‌దా, కలిపి నేసినదా, పొడుగు చేతులదా, పేరున్న బ్రాండుదా, ఏ రకం దుకాణంలో? ఇవన్నీ ముందే కాగితం మీద రాసి, అచ్చం అలాంటిదే వెతికి ధర రాసుకుంటారు. సరే, చొక్కా దొరుకుతుంది. ఇథియోపియాలో జనం రోజూ తినే టెఫ్ అనే ధాన్యం చాలా దేశాల్లో దుకాణాల్లో కూడా కనపడదు. అక్కడ అందరూ తినేది ఇక్కడ దొరకదు, ఇక్కడ మామూలుది అక్కడ విలాసం, అలాంటప్పుడు ఒకే రకం సరుకు అన్న మాటే వదులైపోతుంది. ఇక ప్రభుత్వ బడిలో టీచరు చెప్పే పాఠానికి ధర ఎంతని రాస్తారు? జీతాన్ని బట్టి లెక్క కడతారు, ఆ పైన పనితనంలో తేడాలకి సర్దుబాట్లు చేస్తారు.

ఈ పని ఎంత సున్నితమో 2005 విడతలో అందరికీ తెలిసొచ్చింది. ఆ ఫలితాలు రాగానే పీపీపీ లెక్కలో చైనా, భారత్ ఆర్థిక వ్యవస్థల పరిమాణం అంతకు ముందు అనుకున్నదానికంటే సుమారు 40 శాతం తగ్గిపోయింది. ఆ దేశాల్లో ఎవరి ఇంట్లోనూ ఏదీ తగ్గలేదు, మారింది కొలత. చైనాలో ధరలు సేకరించింది 11 నగరాల్లో, పల్లెల్లో ధరలు తక్కువగా ఉంటాయి కాబట్టి దేశం మొత్తం ఖరీదైనట్టు తేలిందని తర్వాత చాలా విమర్శలు వచ్చాయి. 2011 విడత ఫలితాలు వచ్చాక ఆ కోత చాలావరకు వెనక్కి పోయింది. ఇంకోటి, ఈ సర్వేలు ఏటా జరగవు. రెండు సర్వేల మధ్య ఏళ్లకి ద్రవ్యోల్బణం తేడాలతో పొడిగించుకుంటూ పోతారు. కాబట్టి పీపీపీ ఇరవై శాతం అంటే పదిహేనో పాతికో అనుకోవాలి. దేశాల మధ్య నాలుగైదు శాతం తేడాలు పట్టుకుని ర్యాంకులు కట్టొద్దని ఈ లెక్కలు వేసే గణాంక సంస్థలే హెచ్చరిస్తుంటాయి, వినేదెవరు!

ఇక మీ అన్నయ్య నాలుగు రెట్ల వాదన. తలసరి ఆదాయం అని ఇలా పోల్చేది మామూలుగా తలసరి జీడీపీనే, అంటే ఆ దేశంలో తయారైన దాన్ని జనాభాతో భాగించిన అంకె, జనం ఇళ్లకి చేరినది కాదు. 2015లో ఐర్లాండ్ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగినట్టు ప్రకటించారు. బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్ల లాంటి ఆస్తుల్ని కాగితాల మీద అక్కడికి మార్చడమే దానికి ముఖ్య కారణం, ఐర్లాండ్ ప్రజల ఆదాయం ఆ స్థాయిలో ఏమీ పెరగలేదు. అంకె మరీ ఎబ్బెట్టుగా ఉందని ఆ దేశపు గణాంక కార్యాలయమే 2017లో ఆ కంపెనీల ప్రభావం తీసేసిన వేరే కొలత తెచ్చింది. లక్సెంబర్గ్‌ది ఇంకో తమాషా. అక్కడ పనిచేసేవాళ్లలో దాదాపు సగం మంది ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు. వాళ్లు తయారుచేసింది పైన లెక్కలోకి వస్తుంది, భాగించేటప్పుడు కింద వాళ్లు ఉండరు. కాబట్టి రెండు దేశాల్లో మనుషులు ఎలా బతుకుతున్నారని చూడాలంటే జీడీపీ కంటే తలసరి వాస్తవ వ్యక్తిగత వినియోగం చూడటం మేలు. ఇళ్లవాళ్లు కొనుక్కునేదీ, చదువు, వైద్యం లాంటివి ప్రభుత్వం వాళ్లకి అందించేదీ రెండూ అందులో ఉంటాయి, యూరప్ దేశాల గణాంక సంస్థ యూరోస్టాట్ దీన్ని క్రమం తప్పకుండా ఇస్తుంది. దానితోపాటు సగటు కాకుండా మధ్యస్థ ఆదాయం, అంటే సరిగ్గా సగం మంది పైన సగం మంది కింద ఉండే గీత, అలాగే ఏడాదికి ఎన్ని గంటలు పనిచేస్తున్నారన్నదీ చూడాలి. ఎక్కువ గంటలు పనిచేసి తెచ్చుకున్న ఎక్కువ ఆదాయాన్ని మెరుగైన జీవితం అనాలా అన్నది మళ్లీ వేరే పేచీ.

మీ సంగతిలో ఇంకో ముఖ్యమైనది ఉంది. దేశం సగటు నాలుగు రెట్లు ఉండి, మీవారి జీతం మాత్రం ఒకటిన్నర రెట్లు కూడా పెరగడం లేదంటే ఏంటర్థం? ఇక్కడ మీరు సగటుకి చాలా పైన ఉన్నారు, అక్కడికెళ్తే సగటు దగ్గరికి వస్తారు. ఇక్కడి సగటు మనిషి అక్కడి సగటు మనిషి అయితే నాలుగు రెట్లు లాభం, నిజమే. మీరు ఇక్కడి సగటు మనుషులు కారు. బయటికి చెప్పుకోరు గానీ వెళ్లినవాళ్లలో చాలామందికి కష్టంగా అనిపించేది ఈ మెట్టు దిగడమే. అయితే మంచి రోడ్లు, శుభ్రమైన గాలి, రాత్రి పూట భయం లేకుండా నడవగలగడం లాంటివి ఆ దేశంలో ఉంటే వాటికి మీ మెట్టుతో పని లేదు, అక్కడున్న అందరితోపాటు మీకూ వస్తాయి. వీటి విలువ జీతంలో కనపడదు. మీ అన్నయ్య వాదనలో నిలబడే భాగం ఇదొక్కటే అని నాకనిపిస్తుంది.

మాటలో మాట, అంతర్జాతీయ పేదరిక రేఖ రోజుకి 3 డాలర్లు అని ఈమధ్య చదివే ఉంటారు. 2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు పెట్టింది. దాన్ని బ్యాంకు రేటుతో గుణించి 'ఇంత సంపాదిస్తే పేదవాడు కాదా' అని వాదించేవాళ్లు కనపడతారు. అవి 2021 ధరల మీద పీపీపీ డాలర్లు, 8తో గుణించాల్సినదాన్ని 20తో గుణించినట్టు అవుతుంది.

మారకపు రేటుని మాత్రం అస్సలు నమ్మొద్దని మీవారు అంటుంటే అదీ సగమే. 2011లో ఒక డాలరుకి సుమారు 80 జపాన్ యెన్‌లు వచ్చేవి, పీపీపీ రేటు మాత్రం 107 దాకా ఉండేది. 2024లో బ్యాంకు రేటు ఒక దశలో 160 దాటింది, పీపీపీ 95 దరిదాపుల్లోనే ఉంది. డాలర్లలో చూస్తే జపాన్ తలసరి ఆదాయం 2012లో సుమారు 49 వేలు, 2024లో 32 వేలు. మూడో వంతు పోయినట్టు! జపాన్‌వాళ్లు ఈ పన్నెండేళ్లలో మూడో వంతు తిండి మానేయలేదు, మూడో వంతు ఇళ్లు ఖాళీ చేయలేదు. కాబట్టి వాళ్ల జీవన ప్రమాణం చూడాలంటే పీపీపీనే సరి. కానీ అదే పన్నెండేళ్లలో జపాన్‌లో పనిచేస్తూ సొంత దేశానికి డబ్బు పంపేవాళ్లకి, విదేశాల్లో పిల్లల్ని చదివించే జపాన్ తల్లిదండ్రులకి ఆ నష్టం అక్షరాలా నిజం. దేశాలకీ అంతే, చమురు కొనాలన్నా విదేశీ అప్పు తీర్చాలన్నా పీపీపీ డాలర్లు ఎవరూ తీసుకోరు.

అందుకని మీ మిగులుని 20తో ఒక్కసారి గుణించి సంతోషపడకుండా, 16తో కూడా గుణించి చూడండి. మీకు అక్కడ ఉద్యోగం ఉంటే 1,850 మిగులు 29,600 అవుతుంది, ఇప్పటి 20,000 కంటే నయమే. లేకపోతే 550 కాస్తా 8,800, అప్పుడు వెళ్లడానికి డబ్బు కారణం కాదు, ఇంకేదైనా కారణం ఉంటే వెళ్లొచ్చు.

ఇప్పుడు చేయాల్సింది, మీవారి వీసాతోపాటు వచ్చే భార్యకి పని చేసే అనుమతి ఉందా, మొదటి రోజు నుంచేనా లేక విడిగా దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూడాలా అన్నది ఆ దేశపు అధికారిక వెబ్‌సైట్‌లో చదవడం, కంపెనీ హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగడం. మీ వృత్తికి అక్కడ లైసెన్సు పరీక్షలేమైనా ఉన్నాయా చూడండి, కొన్ని వృత్తుల్లో దానికే ఏళ్లు పడుతుంది. అనుమతి రావడానికి ఏడాది పట్టేలా ఉంటే, ఆ ఏడాది ఇంటి అద్దెలో కొంత కంపెనీ భరిస్తుందా అని మీవారిని అడగమనండి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందు అడిగితేనే ఇలాంటివి ఇస్తారు, పెట్టాక ఎవరూ ఇవ్వరు.